అమ్మమ్మకూ నోరు తిరగాలి



కిందటేడు మా అమ్మాయికి పురుడు పోయడానికి అమెరికాలోని టెక్సాస్ వెళ్ళాను. డల్లాస్ నగరాన్ని ఆనుకుని కరోల్టన్ అనే ఊరుంది. మనవాళ్ళు ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు ఎక్కువ. కరోల్టన్‌లో కొరియా వాళ్ళు ఎక్కువ. దుకాణాల బోర్డుల మీద కొరియన్ అక్షరాలే కనిపిస్తాయి. మా అమ్మాయి వాళ్ళ ఎదురింట్లో ఒక కొరియన్ జంట ఉండేది. ఆ అమ్మాయికీ నెలలు నిండాయి. ఆమె తల్లి కూడా నాలాగే పురిటి పని మీద దేగు నగరం నుంచి వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, నాకు కొరియన్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా వారం తిరిగేసరికి మా మధ్య గిన్నెలు అటూ ఇటూ తిరగడం మొదలైంది. నేను బాలింతకు చేసిన కాయం పట్టుకెళితే, ఆవిడ సముద్రపు నాచుతో కాచిన వేడివేడి చారు పోసి పంపింది. కొరియాలో బాలింత పథ్యం అదేనట.

ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తలుపు మీద అంటించిన ఒక కాగితం కనిపించింది. ఎడమవైపు కొరియన్ లిపిలో పేర్లు, పక్కన వాటి ఇంగ్లీషు స్పెల్లింగులు, ఆ పక్కన పెన్సిలుతో టిక్కులు, కొట్టివేతలు. పుట్టబోయే బిడ్డ పేరు కోసం ఆ ఇంట్లో మూడు నెలలుగా జరుగుతున్న ఆలోచనంతా ఆ కాగితం మీదే ఉంది. ఆ అమ్మాయి నాతో ఇలా అంది: "ఆంటీ, ఈ పేరు దేగులో మా అమ్మ పిలవాలి, ఇక్కడ బడిలో టీచరూ పిలవాలి. ఇద్దరి నోట్లోనూ అది నా బిడ్డ పేరులాగే వినిపించాలి." వింటే చిన్న కోరికే అనిపిస్తుంది. తీర్చుకోవడం ఎంత కష్టమో ఆ కాగితం మీది కొట్టివేతలే చెప్పాయి. ఆ అమ్మాయి దగ్గర నేను విన్నవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ ఈవేళ మీతో పంచుకుంటాను.

ముందు కొరియన్ పేరు ఎలా ఉంటుందో చూద్దాం. మనలాగే వాళ్ళకూ ఇంటిపేరే ముందు. అది చాలావరకు ఒకే అక్షరం. కిమ్, లీ, పార్క్ అనే మూడు ఇంటిపేర్లే దేశంలో దాదాపు సగం మందివి. 2015 జనగణన ప్రకారం దక్షిణ కొరియాలో నూటికి 44 మందికి పైగా ఈ మూడింటిలో ఏదో ఒకటి పెట్టుకున్నవాళ్ళే. ఇంటిపేరు తర్వాత పెట్టిన పేరు వస్తుంది, అది మామూలుగా రెండక్షరాలు. ఇంటిపేర్లు అంత తక్కువ కాబట్టి మనిషిని మనిషి నుంచి వేరుచేసే భారమంతా ఆ రెండక్షరాల మీదే పడుతుంది. వాటిని ఎంచడానికి వాళ్ళు అంత తపన పడేది అందుకే.

ఆ రెండక్షరాల వెనక ఇంకో పొర ఉంది. మన పేర్లకు సంస్కృతం ఎలాంటిదో, వాళ్ళ పేర్లకు చైనా అక్షరాలు అలాంటివి. వాటిని వాళ్ళు హంజా అంటారు. ఉదాహరణకు 'జిన్' అనే శబ్దం తీసుకోండి. ఒక హంజాతో రాస్తే సత్యం, ఇంకో హంజాతో రాస్తే రత్నం, మరోదానితో రాస్తే ముందుకు సాగడం. చెవికి అన్నీ ఒకటే, అర్థం మాత్రం తల్లిదండ్రులు ఎంచుకున్న అక్షరాన్ని బట్టి. పేర్లలో వాడదగిన హంజాలు ఇవీ అని కొరియా సుప్రీంకోర్టు ఒక జాబితాయే పెట్టింది. అందులో తొమ్మిది వేలకు పైగా అక్షరాలున్నాయి. హంజా లేకుండా అచ్చ కొరియన్ మాటలనే పేర్లుగా పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. హానుల్ అంటే ఆకాశం. ఇసుల్ అంటే మంచుబిందువు. సుల్గి అంటే వివేకం. మనం వెన్నెల అని, చిన్నారి అని పిలుచుకున్నట్టే.

పేరు పెట్టే హక్కు చాలా ఇళ్ళలో తాతగారిది. ఆయన పేర్లు కట్టి ఇచ్చే దుకాణానికి వెళతారు. మనం పంచాంగం పట్టుకుని సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళినట్టే. బిడ్డ పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గంట, ఈ నాలుగూ చూసి లెక్క కడతారు. దాన్ని సాజు అంటారు, అంటే నాలుగు స్తంభాలు. బిడ్డ జాతకంలో నీటి గుణం తక్కువైతే నీటికి సంబంధించిన హంజా ఉన్న పేరు చెబుతారు. మన దగ్గర నక్షత్ర పాదాన్ని బట్టి మొదటి అక్షరం చెప్పడం లాంటిదే ఇది. దీనితోపాటు కొన్ని వంశాల్లో 'దొల్లిమ్‌జా' అనే ఆచారం ఉంది. ఒక తరంలో పుట్టిన అన్నదమ్ములకూ, పెదనాన్న చిన్నాన్న పిల్లలకూ పేరులో ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుంది. చాలా వంశాల్లో ఆ అక్షరాలు చెట్టు, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే వరుసలో తరం తరానికీ మారుతూ వస్తాయి. పేరు వినగానే ఈ మనిషి వంశంలో ఎన్నో మెట్టు మీద ఉన్నాడో పెద్దలకు తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ పద్ధతి మనకు పూర్తిగా ఎదురు. మనం తాత పేరు మనవడికి పెట్టి మురిసిపోతాం. ఆ పేరు అత్తగారిదో మామగారిదో అయితే కోడలు బిడ్డను పేరుతో పిలవలేక నాన్నా, చిన్నీ అని ముద్దుపేర్లతో సరిపెట్టుకోవడం మనందరం చూసిందే. కొరియాలో తాత పేరు మనవడికి పెట్టనే పెట్టరు. పెద్దల పేరు పిల్లల పేరుగా నోట పలకడం అమర్యాద. అంతేకాదు, ఎవరైనా తండ్రి పేరు అడిగితే గబుక్కున చెప్పరు. ఒక్కొక్క అక్షరాన్ని విడదీసి, ఫలానా అక్షరం, ఫలానా అక్షరం అని చెబుతారు. రెండు జాతులు రెండు దారుల్లో చూపించే గౌరవం ఒకటే.

కడుపులో ఉండగానే బిడ్డకు ఒక పేరు పెట్టుకోవడం ఈ కాలపు కొరియన్ జంటల ముచ్చట. దాన్ని తేమ్యొంగ్ అంటారు, గర్భంలో పేరు అన్నమాట. మా ఎదురింటి బిడ్డకు కోంగీ అని పెట్టారు. అంటే గింజ. మొదటి స్కానింగులో చిక్కుడు గింజంత కనిపించిందట. పాతకాలంలో ఇంకో రకం పిలుపుపేర్లు ఉండేవి. బిడ్డ దక్కాలని కావాలనే తక్కువ పేరు పెట్టేవారు. కుక్కపెంట అని అర్థం వచ్చే 'కేత్తొంగ్' అలాంటిదే. రాజ్యమేలిన కోజోంగ్‌ను కూడా పసితనంలో ఆ పేరుతో పిలిచారని చెబుతారు. ఇది వినగానే నాకు మన పెంటయ్యలు, పెంటమ్మలు గుర్తొచ్చారు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, మళ్ళీ పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెట్టుకున్న పేర్లవి. వేల మైళ్ళ దూరంలో ఉన్న తల్లుల భయం ఒక్కటే, ఆ భయానికి వాళ్ళు కనిపెట్టిన మందూ ఒక్కటే.

పేరంటే కొరియన్లకు ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది. 1940లో ఆ ప్రభుత్వం కొరియన్ల చేత జపాను తరహా ఇంటిపేర్లు, పేర్లు పెట్టించే చట్టాన్ని అమలు చేసింది. పెట్టుకోకపోతే బళ్ళో పిల్లలకు, కొలువుల్లో పెద్దలకు, రేషను దగ్గర ఇంటిల్లిపాదికీ ఇబ్బందులే. కొన్ని నెలల్లోనే సుమారు 80 శాతం మంది పేర్లు మార్చుకోవలసి వచ్చింది. తరతరాల వంశ పట్టికలు పదిలంగా దాచుకున్న జాతికి అది ఎంత అవమానమో ఊహించండి. స్వాతంత్ర్యం వచ్చాక 1946లో దక్షిణాన పాత పేర్లు తిరిగి వచ్చాయి. పరాయి నోటి కోసం సొంత పేరు వదులుకోవడం అంటే ఏమిటో ఆ దేశపు ముత్తవ్వలకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు, అనుభవించి తెలిసింది.

ఇష్టపడి పేరు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో అందరికన్నా ముందు గుర్తొచ్చేది సొ జే-పిల్. 19వ శతాబ్దం చివర రాజకీయ కారణాలతో దేశం విడిచి అమెరికా చేరిన యువకుడాయన. తన పేరులోని మూడక్షరాలనూ వెనక నుంచి ముందుకు తిప్పాడు. సొ, జే, పిల్ అన్నది పిల్, జే, సొ అయింది. దాన్ని ఇంగ్లీషు చెవికి తగ్గట్టు ఫిలిప్ జేసన్ చేసుకున్నాడు. వినడానికి నిక్కమైన ఇంగ్లీషు పేరు, విప్పి చూస్తే ప్రతి అక్షరమూ కొరియాదే. 1890లో అమెరికా పౌరసత్వం పొందిన మొదటి కొరియన్ ఆయనే. తర్వాత స్వదేశం తిరిగివెళ్ళి 1896లో సామాన్యులకు అర్థమయ్యే కొరియన్ లిపిలో స్వాతంత్ర్య పత్రిక నడిపాడు. రెండు భాషల్లో నిలిచే పేరు కోసం వెతుకుతున్న ఈనాటి తల్లిదండ్రులకు ఆయన పెద్దన్న లాంటివాడు.

ఆయన తర్వాత, 1903 జనవరి 13న హవాయి చెరకు తోటల్లో పనికోసం మొదటి కొరియన్ వలస కుటుంబాలు ఓడ దిగాయి. 1965లో అమెరికా వలస చట్టం మారాక ఇంకా పెద్ద సంఖ్యలో వచ్చారు. చర్చిలు వాళ్ళకు ఊరుమ్మడి చావడిలా ఉండేవి. అందుకని పిల్లలకు బైబిలు పేర్లు, ఇంగ్లీషు పేర్లు వచ్చాయి. డేవిడ్, డేనియల్, గ్రేస్. లీ అనే ఇంటిపేరుతో గ్రేస్ ఎంతమందికి కలిసిందంటే, గ్రేస్ లీ అనే దర్శకురాలే తన పేరున్న మిగతా గ్రేస్ లీలను వెతుక్కుంటూ 2005లో ఒక డాక్యుమెంటరీ సినిమా తీశారు. బడిలో గ్రేస్, ఇంట్లో ఉన్-హ్యే. ఆ కొరియన్ పేరుకూ అర్థం దైవకృపే. అర్థం ఒకటే అయినా పిలుపులు రెండు. కొరియన్ పేరు బర్త్ సర్టిఫికెట్‌లో మధ్య పేరుగా ఉండిపోయి, అమ్మమ్మ ఫోను చేసినప్పుడు మాత్రమే వినబడేది. పేరు వేరైతే మనిషి కూడా రెండుగా చీలినట్టుందని ఆ తరంలో కొందరు బాధపడ్డారు. ఇప్పుడు తల్లులవుతున్న అమ్మాయిలు ఒకే పేరు కోసం పట్టుబట్టడం వెనక ఆ బాధ ఉంది.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇది రేడియో కాబట్టి చెవితోనే పరీక్షించవచ్చు. నేను పలుకుతాను, వినండి. సొ-యొన్. సొ-జున్. హ్యొన్-ఉ. వీటిలో మొదట వచ్చే అచ్చు మన 'అ'కూ 'ఒ'కూ మధ్య ఎక్కడో ఉంటుంది. కొరియన్ పేర్లలో అది అడుగడుగునా వస్తుంది. ఇంకో అచ్చు 'ఉ' లాంటిదే, కానీ పెదవులు గుండ్రంగా చుట్టకుండా పక్కలకు సాగదీసి పలకాలి. హానుల్, ఇసుల్ పేర్లలో ఉన్నది అదే. ఇంగ్లీషులో ఈ రెండింటికీ సరైన అక్షరం లేదు. రెండేసి అక్షరాలు కలిపి రాస్తారు, చూసి చదివే అమెరికన్ ఇంకేదో పలుకుతాడు. 2010 ఒలింపిక్స్‌లో ఐస్ స్కేటింగ్ స్వర్ణం గెలిచిన అమ్మాయిని లోకమంతా యూనా కిమ్ అంది. ఇంట్లో ఆమె పేరు యొన్-ఆ. స్పెల్లింగులో ఒక్క అక్షరం తగ్గితే పేరే మారింది.

చిక్కు ఒకవైపే ఉందనుకుంటే పొరపాటు. ఇంగ్లీషు పేరు పెడితే దేగు అమ్మమ్మ నోరు తిరగదు. కొరియన్‌లో పళ్ళు పెదవికి ఆనించి పలికే వ, ఫ శబ్దాలు లేవు, ర, ల రెండింటికీ ఒకటే అక్షరం. అందుకని వివియన్ అనే పేరు బిబియన్ అవుతుంది. ఫెయిత్ అనే పేరు పెయిసు అవుతుంది. ఇంగ్లీషులో ఒక్క అక్షరంలా ఠక్కున పలికే గ్రేస్ కొరియన్ నోట్లో గు-రె-యి-సు అని నాలుగక్షరాలవుతుంది. ఇది విన్నప్పుడు మాత్రం నాకు వాళ్ళతో చుట్టరికం కలిసినట్టయింది. హల్లుతో ఆగిపోయే మాట మన నోటికీ నచ్చదు కదా! బస్‌ను మనం బస్సు అన్నాం, వాళ్ళు బొసు అన్నారు. అజంత భాష మాట్లాడే మనకు ఆ అమ్మమ్మ కష్టం చెప్పకుండానే తెలుస్తుంది.

తర్వాతి పరీక్ష అర్థం. కొరియన్‌లో నిండుగా, గంభీరంగా ఉండే కొన్ని అక్షరాలు ఇంగ్లీషు చెవిలో పడితే పిల్లవాడు బడిలో ఏడ్చి ఇంటికొస్తాడు. బొమ్ అంటే వాళ్ళకు పులి. దాన్ని ఇంగ్లీషులో బమ్ అని రాసేవారు, అది పిరుదులకు పేరు. కుక్ అనే అక్షరానికి దేశం అనే గొప్ప అర్థముంది, ఇంగ్లీషులో రాస్తే ఆసియా వాళ్ళను కించపరిచే తిట్టుకు దగ్గరవుతుంది. ఇంటిపేరుతో కలిపీ పలికి చూడాలి. ఇంగ్లీషులో ఇంటిపేరు వెనక్కి పోతుంది కాబట్టి రెండు వరసల్లోనూ వినాలి. సు అనే పేరు, యూ అనే ఇంటిపేరు అమెరికా పద్ధతిలో కలిస్తే నీమీద దావా వేస్తానన్నట్టు వినిపిస్తుంది. కొరియన్ వరసలోనూ జాగ్రత్తే. ఇమ్ ఇంటిపేరు వాళ్ళు సిన్‌తో మొదలయ్యే పేరు పెట్టేముందు ఆలోచించుకోవాలి, ఇమ్‌సిన్ అంటే గర్భం. మనవాళ్ళకూ ఇది కొత్తకాదు. ఫణి అని పిలిస్తే అమెరికాలో నవ్వులాట అనే మాట వినిపిస్తుందని అక్కడి ఫణులకు తెలుసు.

ఇన్ని జల్లెడలు పట్టాక కూడా నిలిచే పేర్లున్నాయి. అవి వింటుంటే ఒక చిన్న అద్భుతం చూసినట్టుంటుంది. హానా అంటే కొరియన్‌లో ఒకటి. ఇంగ్లీషువాళ్ళ హానా హీబ్రూ నుంచి వచ్చింది, దానికి అర్థం దయ. ఎక్కడా కలవని రెండు భాషలు ఒకే పిలుపు దగ్గర కలిశాయి. సు-జి అనే పేరు సూజీ అవుతుంది. జిన్-ఆ అంటే జీనా. మి-నా ఎక్కడైనా మీనాయే, మన ఊళ్ళో కూడా. సోరా అంటే సముద్రపు శంఖం, నారీ అంటే కలువలాంటి లిల్లీ పువ్వు, రెండూ అచ్చ కొరియన్ మాటలు, రెండూ పలకడానికి తేలికే. మగపిల్లలకు జున్ ఉంది, తే-ఓ ఉంది, ఇంగ్లీషువాళ్ళు దాన్ని థియో అనుకుంటారు. ఇ-ఆన్ అనే పేరు ఈ మధ్య కొరియాలోనే బాగా వినబడుతోంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇయాన్‌కూ దానికీ చెవిలో తేడా తెలియదు. ఈ పేర్లలో చాలావాటి గుణం ఒకటే. మ, న, స, హ, జ, య లాంటి రెండు భాషల్లోనూ ఉన్న హల్లులు, ఆ, ఇ, ఉ, ఓ లాంటి తేటైన అచ్చులు.

ఒక పేరు దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. యూ-జిన్. మన ఇళ్ళల్లో కొరియన్ సీరియళ్ళు చూసే పిల్లలకు ఇది తెలిసే ఉంటుంది. 2018లో వచ్చిన మిస్టర్ సన్‌షైన్ అనే సీరియల్‌లో కథానాయకుడు బానిస ఇంట్లో పుట్టిన పిల్లవాడు. ప్రాణం దక్కించుకుని అమెరికా చేరతాడు, యూ-జిన్ కాస్తా యూజీన్ అవుతాడు, అమెరికా సైనికాధికారిగా తిరిగి వస్తాడు. ఇంగ్లీషు యూజీన్‌కు మూలం గ్రీకు భాష, అర్థం మంచి పుట్టుక గలవాడని. పుట్టుక కారణంగానే హింస పడ్డ పిల్లవాడికి ఆ పేరు! అయితే ఇక్కడొక మెలిక ఉంది. కొరియాలో యూ-జిన్ ఆడపిల్లలకూ మగపిల్లలకూ పెడతారు, ఇంగ్లీషులో యూజీన్ మగవాడి పేరు. జున్ విషయం దీనికి తిరగేసి ఉంటుంది, కొరియాలో అబ్బాయి, ఇంగ్లీషులో ఎక్కువగా అమ్మాయి. రెండు భాషల్లో పలికితే చాలదు, రెండుచోట్లా ఆ పిల్లకో పిల్లవాడికో నప్పుతుందా అనీ చూసుకోవాలి.

స్పెల్లింగు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. కొరియన్ పేర్లను ఇంగ్లీషులో రాయడానికి 2000లో ప్రభుత్వం ఒక పద్ధతి ప్రకటించింది కానీ మనుషుల పేర్లు దానికి కట్టుబడి లేవు. ఇ అనే ఒకే ఇంటిపేరు కొందరు లీ అని, కొందరు యి అని, కొందరు రీ అని రాస్తారు. పార్క్ అని మనం చదివే ఇంటిపేరులో అసలు ర లేనేలేదు, పలికేది పాక్ అనే. పెట్టిన పేరులోని రెండక్షరాల మధ్య ఖాళీ వదిలితే అమెరికా కాగితాల్లో రెండో అక్షరం మధ్యపేరైపోతుంది. మిన్ జున్ అనే పిల్లవాడు బడిలో వట్టి మిన్‌గా మిగులుతాడు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళ పేర్లు అక్కడి కంప్యూటర్లలో ఎలా తారుమారవుతాయో మనకు తెలియనిది కాదు. కలిపి ఒకే మాటగా రాసి, మొదటి కాగితం నుంచి పాస్‌పోర్టు దాకా అదే స్పెల్లింగు ఉంచడం మేలు.

ఇప్పుడు నా మనసులో ఉన్న మాట చెబుతాను. సులువైన పేర్లు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ ఇంగ్లీషు నాలుక ఒక్కటే తూకపురాయి అయితే, కొరియన్ భాషకే సొంతమైన ఆ రెండు అచ్చులూ పిల్లల పేర్లలోంచి తప్పుకుంటాయి. ఆకాశం పోతుంది, మంచుబిందువు పోతుంది, వివేకం పోతుంది. హానుల్ అని పెట్టాలని మనసు గట్టిగా చెబితే పెట్టండి. నోరు తిప్పుకోవడం అవతలివాళ్ళూ నేర్చుకోగలరు. 2021లో మినారీ సినిమాకు ఆస్కార్ అందుకున్న కొరియా నటి యున్ యొ-జొంగ్ వేదిక మీద నిలబడి, పశ్చిమ దేశాల్లో తన పేరును తలా ఒకరకంగా పలుకుతున్నారని గుర్తుచేసి, ఈ ఒక్క రాత్రికి అందరినీ క్షమించానని చెప్పారు. అప్పటికి ఆవిడకు 73 ఏళ్ళు. సభ నవ్వింది. టీచరుకు నోరు తిరగని పేరు టీచరు నెల రోజుల్లో నేర్చుకుంటుంది. అమ్మమ్మకు నోరు తిరగని పేరు పెడితే ఆ వయసులో ఆవిడ ఏ బడికి వెళ్ళి నేర్చుకోవాలి? అందుకే రెండిట్లో ఒకటే దక్కేటట్లయితే అమ్మమ్మ పక్షానే నిలబడమంటాను.

మా ఎదురింటి అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కొరియాలో అయితే పుట్టుక నమోదుకు నెల రోజుల గడువుంటుంది. 21 రోజులు గడిచేదాకా బయటివాళ్ళను ఇంట్లోకి రానివ్వని పాత ఆచారమూ ఉంది. మన బారసాల కూడా చాలా ఇళ్ళలో 21వ రోజునే. అమెరికాలో అలా కుదరదు, ఆసుపత్రి నుంచి కదిలేలోపే పేరు రాయమని కాగితం మంచం దగ్గరికి వస్తుంది. ఆ రాత్రే దేజొన్‌లో ఉన్న మామగారు పేర్ల దుకాణానికి వెళ్ళి మూడు పేర్లు రాయించి ఫోనులో ఫోటో పంపారు. సొ-హ్యొన్, ఉన్-సొ, యూ-జిన్. ముందు రెండింటిలోనూ ఇంగ్లీషుకు కొరుకుడుపడని అచ్చులే. మూడోది చూసి ఆ అమ్మాయి ఏడ్చిందట. ఫ్రిజ్ మీది కాగితంలో టిక్కు పడి, కొట్టివేత పడని పేరు అదే. యూ అంటే సమృద్ధి, జిన్ అంటే రత్నం, మామగారి చేతిరాతతో రెండు హంజాలూ పక్కపక్కనే ఉన్నాయి. మగపేరు అనుకోకుండా యూజీన్ స్పెల్లింగు వదిలేసి, కొరియన్ పలుకుబడికి దగ్గరగా యూజిన్ అని రాశారు.

పేరు రాయడంతో పని అయిపోలేదని నాకు తర్వాత తెలిసింది. కొరియన్లు పిల్లలను పిలిచేటప్పుడు పేరు చివర ఒక తోక తగిలిస్తారు. హల్లుతో ముగిసే పేరుకు 'ఆ', అచ్చుతో ముగిసే పేరుకు 'యా'. అందుకని యూజిన్ ఇంట్లో యూజినా అవుతుంది. పిల్ల పుట్టాక తల్లిని కూడా ఇరుగుపొరుగు పేరుతో పిలవరు, యూజిన్ ఒమ్మా అంటారు, యూజిన్ వాళ్ళమ్మ అని. మన ఊళ్ళలోనూ అంతే కదా, ఫలానా వాళ్ళమ్మ అనే పిలుపులోనే ఒక ఆడమనిషి సగం జీవితం గడిచిపోతుంది. అంటే బిడ్డకు పెట్టే పేరు తల్లికి కూడా పెట్టుకున్నట్టే. అది ఆమెకు పరాయిగా ఉండకూడదు.

మా మనవరాలికి తార అని పెట్టాం. ఎదురింటి అమ్మమ్మ ఒక సాయంత్రం బాల్కనీలో నిలబడి ఆ పేరుకు అర్థం ఏమిటని సైగచేసింది. అప్పుడే పొడిచిన ఒక చుక్కను వేలెత్తి చూపించాను. ఆవిడ తలూపి, "బ్యొల్" అంది. వాళ్ళ భాషలో చుక్కకు మాట అది. తర్వాత పొత్తిళ్ళలో ఉన్న మా పిల్ల వైపు వంగి, "తారా-యా" అని పిలిచింది. పిల్ల కళ్ళు అటు తిప్పింది. నేను ఆవిడ ఒళ్ళో ఉన్న బిడ్డను ముట్టుకుని, నాకు తెలిసిన పద్ధతిలో, "యూజినమ్మా" అన్నాను. ఆవిడకు ఆ తోక ఎక్కడిదో అర్థమైంది. తనూ "యూజినమ్మా" అని రెండుసార్లు పలికి చూసుకుంది.